హెలెన్ కెల్లర్ టీచరు చదువుకున్న బడి



పాలకుర్తి అనగానే సోమనాథుడు, పక్క ఊరు బమ్మెర పోతన, భూమి కోసం నిలబడ్డ చాకలి ఐలమ్మ గుర్తొస్తారు. వాళ్ళ గురించి రాసేవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. నేను ఈసారి దూరదేశపు మనిషి గురించి రాస్తున్నాను. అయితే చదివిన కొద్దీ నాకామె మన పక్క ట్రంకుపెట్టె అమ్మాయిలాగే అనిపించింది. ఆమె పేరు ఆన్ సలివన్.

హెలెన్ కెల్లర్ తెలియని వాళ్ళు లేరు. కళ్ళు కనిపించని, చెవులు వినిపించని ఆ పాపకు చదువు చెప్పిన టీచరుగా ఆన్ పేరు ఒక్క వాక్యంలో వచ్చి పోతుంది. ఆమె అద్భుతం చేసిందంటారు. నాకు ఆ మాట నచ్చదు. ఆ విద్య ఆమెకు ఆకాశం నుంచి ఊడిపడలేదు. హైస్కూలు వయసులో ఆరేళ్ళు ఒక బడిలో పడిన అవమానాలు, దొరికిన ఆదరణ, అక్కడ పట్టుబడిన ఒక చేతి భాష, ఇవే ఆమెను టీచరును చేశాయి.

ఆన్ 1866 ఏప్రిల్ 14న అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో పుట్టింది. తల్లిదండ్రులు ఐర్లాండ్ నుంచి వలస వచ్చిన నిరుపేదలు. చిన్నతనంలోనే ట్రకోమా అనే కంటిజబ్బుతో చూపు చాలావరకు పోయింది. ఎనిమిదేళ్ళకు తల్లి చనిపోయింది, తర్వాత తండ్రి వదిలేశాడు. 1876 ఫిబ్రవరిలో ఆన్‌ను, తమ్ముడు జిమ్మీని టూక్స్‌బరీలోని బీదల ఆశ్రమంలో చేర్చారు. నడుము దగ్గర క్షయ సోకిన జిమ్మీ కొన్ని నెలలకే అక్కడే చనిపోయాడు. ఆన్ ఒంటరిగా నాలుగేళ్ళు గడిపింది. గుడ్డివాళ్ళకు కూడా బడులుంటాయని అక్కడే ఎవరో చెప్పగా విన్నది. ఒకరోజు తనిఖీకి పెద్దమనుషులు వచ్చారు. వాళ్ళ నాయకుడు ఫ్రాంక్ శాన్‌బార్న్. సరిగా కనిపించకపోయినా వాళ్ళ వెంటపడి, నేను బడికి పోతానని వేడుకుంది. ఆ ధైర్యమే లేకపోతే ఈ కథే లేదు.

1880 అక్టోబర్ 7న బోస్టన్‌లోని పెర్కిన్స్ అంధుల పాఠశాలలో చేరింది. వయసు పద్నాలుగు, అక్షరం ముక్క రాదు. తోటి పిల్లలు చాలావరకు కలిగిన ఇళ్ళవాళ్ళు. ఆమెకు దువ్వెన కూడా లేదు. చిన్నపిల్లల మధ్య కూర్చోబెట్టి అక్షరాలు నేర్పారు. ఆమె తప్పుల్ని క్లాసులో పైకి చదివితే అందరూ నవ్వేవారు. ఇంటర్మీడియెట్‌లో మొదటిసారి ఇంగ్లీషు పాఠం పైకి చదివినప్పుడు క్లాసంతా నవ్వితే నాకు చెవులు ఎర్రబడ్డాయి. అందుకే ఈ ముక్క దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ఆన్ మాత్రం తల దించుకోలేదు, ఎదురు తిరిగింది. కోపం ఎక్కువ, నోరు ఎక్కువ. ఒక దశలో బడి నుంచి పంపించేద్దామనుకున్నారు. కాటేజీలో పిల్లల్ని చూసుకునే మిసెస్ హాప్‌కిన్స్ అడ్డుపడి కాపాడింది. మన హాస్టళ్ళలో కూడా అలాంటి వంటమ్మో, వాచ్‌మన్ తాతో ఒకరు ఉంటారు కదా!

సెలవుల్లో అందరూ ఇళ్ళకు పోతే ఆన్‌కు పోయే ఇల్లు లేదు. ఒక వేసవిలో బోస్టన్‌లో ఒక ఇంట్లో పనికి కుదిరింది. తర్వాత జరిగిన ఆపరేషన్లతో అచ్చు అక్షరాలు చదివేంత చూపు వచ్చింది.

ఆ బడిలోనే లారా బ్రిడ్జ్‌మన్ అనే పెద్దావిడ ఉండేది. ఆమెకు చూపూ లేదు, వినికిడీ లేదు. 1837లో అక్కడికి వచ్చిన ఆమెకు డాక్టర్ హోవ్ చదువు నేర్పడం అప్పట్లో ప్రపంచమంతా చెప్పుకున్న విషయం. ఆమె అరచేతిలో వేళ్ళతో అక్షరాలు రాస్తేనే మాట్లాడగలిగేది. ఆన్ ఆ వేళ్ళ అక్షరాలు నేర్చుకుని ఆమె పక్కన కూర్చుని కబుర్లు చెప్పేది. పరీక్ష కోసం కాదు, కబుర్ల కోసం. నేను ముఖ్యమనుకునేది ఇదే.

1886లో ఆన్ తన తరగతిలో మొదటి స్థానంలో బడి ముగించింది. చేతిలో ఉద్యోగం లేదు. అప్పుడే అలబామా నుంచి కెప్టెన్ కెల్లర్ తన కూతురికి టీచరు కావాలని రాశాడు. పెర్కిన్స్ డైరెక్టర్ అనాగ్నోస్ ఆన్ పేరు చెప్పాడు. జీతం నెలకు 25 డాలర్లు. లారా గురించి హోవ్ రాసిన రిపోర్టులన్నీ చదువుకుని 1887 మార్చి 3న టస్కంబియా చేరింది. అప్పటికి ఆమెకు ఇరవై ఏళ్ళే.

ఆరేళ్ళ హెలెన్ తన్నేది, కొరికేది, అందరి కంచాల్లో చెయ్యి పెట్టేది. ఇంట్లోవాళ్ళు జాలితో వదిలేశారు. ఆన్ వదలలేదు. భోజనం బల్ల దగ్గర ఇద్దరికీ పెనుగులాటలే జరిగాయి. ఈ రోజుల్లో ఏ టీచరూ అలా చెయ్యకూడదు, అది వేరే మాట. కానీ ఆ కోపం వెనుక ఉన్నది మాట చెప్పుకోలేని బాధ అని ఆమెకు తెలుసు. తను కూడా ఒకప్పుడు అలాంటి పిల్లే కదా. ఏప్రిల్ 5న బోరింగు లాంటి పంపు కింద ఒక చేతిలో నీళ్ళు పడుతుంటే, రెండో చేతిలో నీళ్ళు అన్న మాట రాసింది. ప్రతి వస్తువుకూ పేరుంటుందని హెలెన్‌కు ఆ క్షణాన తెలిసింది.

అసలు గొప్పతనం ఆ తర్వాతిది. గంటల ప్రకారం పాఠాలు చెప్పడం మానేసింది. ఇంట్లో తల్లి పసిబిడ్డతో మాట్లాడినట్టు రోజంతా పూర్తి వాక్యాలు చేతిలో రాస్తూ పోయింది, అర్థమైనా కాకపోయినా. లారాతో చెప్పిన కబుర్లే ఇక్కడ పద్ధతిగా మారాయని నా నమ్మకం. హెలెన్ 1904లో రాడ్‌క్లిఫ్ కాలేజీలో డిగ్రీ పొందింది. ప్రతి క్లాసులో పక్కన కూర్చుని పాఠాన్ని చేతిలో రాసిన ఆన్‌కు డిగ్రీ ఇవ్వలేదు. టెంపుల్ యూనివర్సిటీ గౌరవ డిగ్రీ ఇచ్చేసరికి 1932 వచ్చింది.

టూక్స్‌బరీ సంగతి ఆన్ చాలా ఏళ్ళు ఎవరికీ చెప్పలేదు. హెలెన్‌కు కూడా ముసలితనం దగ్గరపడ్డాకే చెప్పింది. హాస్టల్ పిల్లనని కాలేజీలో చెప్పుకోలేని వాళ్ళకు ఈ మౌనం అర్థమవుతుంది. చివరి రోజుల్లో చూపు పూర్తిగా పోయింది. 1936 అక్టోబర్ 20న ఆమె చనిపోయింది.

స్పెషల్ ఎడ్యుకేషన్‌లో చేరాలనుకునే డిగ్రీ అన్నలకు, అక్కలకు ఒక సమాచారం. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో 1984లో స్థాపించిన జాతీయ సంస్థ ఇలాంటి కోర్సులు నడుపుతుంది. ఎక్కడ చేరినా ఆ కోర్సుకు ఆర్‌సిఐ గుర్తింపు ఉందో లేదో ముందే అడగండి. అది లేకపోతే స్పెషల్ టీచరుగా రిజిస్ట్రేషన్ రాదు.