కీబోర్డునీ ఫైలుగా చూసిన రిచీ

డెన్నిస్ రిచీ 1941లో అమెరికాలో పుట్టారు. హార్వర్డ్‌లో ఫిజిక్స్ చదివారు. పీహెచ్‌డీ థీసిస్ రాసేశారు గానీ పట్టా మాత్రం అందుకోలేదు! 1967లో బెల్ ల్యాబ్స్‌లో చేరారు. వాళ్ల నాన్న కూడా అక్కడ పనిచేసినవారే.

1969లో మల్టిక్స్ అనే భారీ ప్రాజెక్టు నుంచి ఆ సంస్థ తప్పుకుంది. ఎవరూ పెద్దగా వాడని పీడీపీ-7 మెషీన్ మీద కెన్ థాంప్సన్ యూనిక్స్ మొదలుపెడితే, రిచీ జతకలిశారు. డిస్కులోని ఫైలైనా, కీబోర్డైనా ప్రోగ్రామ్‌కి ఒకేలా కనిపించాలన్నది వాళ్ల పద్ధతి. మన పోర్టులో కంటైనర్ లోపల ఏముందో క్రేన్‌కి అక్కర్లేదు కదా, అలాగన్నమాట.

అందుకే షెల్ స్క్రిప్టులో రీడ్ కమాండ్ ముందు కీబోర్డు నుంచి ఫైలు పేరు తీసుకుంటుంది. అదే రీడ్‌ని వైల్ లూప్‌లో పెట్టి, ఇన్‌పుట్‌ని ఆ ఫైలు వైపు మళ్లిస్తే లైన్ తర్వాత లైన్ చదివేస్తుంది. వేరియబుల్‌కి డబుల్ కోట్స్ మర్చిపోకండి. ఫైలు పేరులో ఒక్క స్పేస్ వల్ల గాజువాకలో నా ఇంటర్వ్యూ పోయింది.

సి భాష కూడా రిచీదే. 1983లో థాంప్సన్‌తో కలిసి ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. 2011 అక్టోబరు 12న, ఒంటరిగా ఉంటున్న ఇంట్లో చనిపోయి కనిపించారు. స్టీవ్ జాబ్స్ పోయి అప్పటికి వారం. పేపర్ల నిండా ఇంకా ఆయన ఫొటోలే.