వజూ నీళ్ళు పోసిన మరమనిషి – ఇస్మాయీల్ అల్-జజరీ

మరమనుషులు అనగానే మన పిల్లలకు జపాను, అమెరికా గుర్తుకొస్తాయి. ఎనిమిది వందల ఏళ్ళ కిందటే వజూ నీళ్ళు పోసే బొమ్మను చేసి నిలబెట్టిన ముస్లిం పనివాడొకాయన ఉన్నాడని మన ఇళ్ళలో ఎంతమందికి తెలుసు? అందుకే ఈ ఏటి సంచికలో ఆయన్ని గురించి నాలుగు మాటలు మనవి చేస్తున్నాము.

పూర్తి పేరు బదీఉజ్జమాన్ అబుల్ ఇజ్ ఇస్మాయీల్ ఇబ్న్ అల్-రజ్జాజ్ అల్-జజరీ. టైగ్రిస్, యూఫ్రటీస్ నదుల నడుమ ఎగువ దేశాన్ని అరబ్బులు అల్-జజీరా అనేవారు, జజరీ అన్న మాట అక్కడిదే. బాల్యం, చదువు గురించి చరిత్ర దాదాపు ఏమీ చెప్పదు. తెలిసిన కాస్తా ఆయన తన గ్రంథంలో రాసుకున్నదే. హిజ్రీ 577, అంటే 1181 ప్రాంతంలో, నేటి టర్కీ ఆగ్నేయ భాగాన్ని ఏలిన అర్తుఖీ వంశం కొలువులో చేరారు. నూరుద్దీన్ ముహమ్మద్, ఆయన కొడుకులు కుత్బుద్దీన్ సుక్మాన్, నాసిరుద్దీన్ మహమూద్ ముగ్గురి దగ్గరా కలిపి పాతికేళ్ళు పనిచేశారు.

ఈ నాసిరుద్దీన్‌కు ఒక పట్టింపు ఉండేది. వజూ చేసేటప్పుడు నౌకరుగాని బాందీగాని తన చేతులమీద నీళ్ళు పోయడం ఆయనకు గిట్టేది కాదు. ఏదైనా ఉపాయం చూడమని జజరీని అడిగాడు. అప్పుడు తయారైందే ఈ బొమ్మ. ఒక చేతిలో కూజా, రెండో చేతిలో తువ్వాలు, అద్దం, దువ్వెన. తిప్పవలసినది తిప్పితే బొమ్మ లోపలి తొట్టినుంచి నీళ్ళు కూజాలోకి వచ్చి రాజు చేతులమీద పడతాయి. నీళ్ళు అయిపోవస్తుండగా రెండో చేయి కిందికి వాలి తువ్వాలు అందిస్తుంది. కరెంటు లేదు, స్ప్రింగుల ఆర్భాటమూ లేదు. నీటి బరువు ఒక్కటే ఆధారం.

1206లో ముగిసిన ఆయన గ్రంథంలో ఇటువంటివి 50 ఉన్నాయి. అరగంటకొకసారి మోగే ఏనుగు గడియారం, నీళ్ళు తోడే యంత్రాలు, వైద్యుడు తీసిన రక్తాన్ని కొలిచి చూపే పళ్ళాలు. మద్యపు విందుల పాత్రలు కూడా ఉన్నాయి లెండి. రాజుల కొలువు అది, దాచి చెప్పడం మాకిష్టం లేదు.

మాకు ఎక్కువ నచ్చింది ఆయన రాసిన తీరు. చెక్క వంకర పోకుండా పొరలు పొరలుగా అతికించడం, కవాటాన్ని కురుందపు పొడితో నూరి నీరు కారకుండా కూర్చోబెట్టడం, ముందు కాగితంతో నమూనా చేసుకోవడం, ఇవన్నీ పనివాడు పనివాడికి చెప్పినట్టు చెప్పారు. మరొకరు చదివి చేసుకోవాలన్నదే ఆయన తాపత్రయం. ఆ రోజుల్లో గుట్టు కొడుక్కి తప్ప చెప్పని ఉస్తాదులు ఎందరో!

అయితే ఆ బొమ్మకు చేయి ఉంది గాని స్పర్శ లేదు. మన ఇంట్లో పెద్దవారికి బద్నాతో వజూ చేయించే కుర్రవాణ్ణి చూడండి. ముసలాయన చేయి వణికితే ధార సన్నం చేస్తాడు, చేయి జరిగితే తానూ జరుగుతాడు. తడి కూజా జారబోతే, జారుతున్నదని మనకు తెలిసేలోపే వేళ్ళు బిగుసుకుంటాయి. జజరీ బొమ్మ మాత్రం రాజు చేయి తీసేసినా పోస్తూనే ఉంటుంది.

నేటి ఇంజనీర్లు తలలు బద్దలు కొట్టుకుంటున్నది సరిగ్గా ఇక్కడే. బల్ల తుడిచేటప్పుడు మన చేయి అటూ ఇటూ గట్టిగా కదులుతుంది, బల్లమీద ఒత్తే దిక్కున మాత్రం మెత్తగా ఉంటుంది. ఎక్కడికి పోవాలన్నదే కాదు, తగిలినప్పుడు ఎంత లొంగాలన్నదీ యంత్రానికి నేర్పాలని 1985లో అమెరికాలో నెవిల్ హోగన్ అనే శాస్త్రజ్ఞుడు ప్రతిపాదించారు. అది మనిషి చేతినుంచి తీసుకున్న పాఠమే. మన దర్జీలకూ వడ్రంగులకూ మెకానిక్కులకూ ఈ విద్య పుస్తకం లేకుండానే వచ్చు. జజరీలాగా దాన్ని కాగితంమీద పెట్టినవారే తక్కువ.

ఆయన గ్రంథం పాత ప్రతి ఇస్తాంబుల్‌లోని తోప్‌కాపీ గ్రంథాలయంలో ఉంది. డొనాల్డ్ హిల్ అనే ఇంగ్లీషు ఇంజనీరు 1974లో ఇంగ్లీషులోకి తెచ్చారు. అంతదూరం పోలేనివారు హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట కొట్టడానికి బయటికొచ్చే బొమ్మ గడియారాన్ని పిల్లలకు చూపించవచ్చు. అది జజరీ చేసింది కాదు, కాని చూస్తూ ఆయన పేరు చెప్పండి.