పిడుదు జ్వరమూ, భీమవరం సుబ్బారావు గారూ

మా ద్రాక్షారామం వైపు కుక్కని పెంచే ఇళ్ళల్లో డాక్సీసైక్లిన్ అనే పేరు ఎప్పుడో ఒకప్పుడు వినపడుతుంది. కుక్క రెండు రోజులు అన్నం ముట్టదు, ఒళ్ళు కాలిపోతుంటుంది, ఒక్కోసారి ముక్కులోంచి రక్తం కారుతుంది. పశువుల డాక్టర్ గారు రక్తం తీయించి, ప్లేట్‌లెట్లు పడిపోయాయి, టిక్ ఫీవర్ అంటారు. అంటే పిడుదుల వల్ల వచ్చే జ్వరం. (పిడుదులన్నా గోమార్లన్నా అవే. గేదె మీద ఉండే రకం వేరు, కుక్క మీద ఉండే రకం వేరు, అంతే.) దాదాపు నాలుగు వారాలు మాత్ర వేయమని రాసిస్తారు. ఆ మాత్ర వంశవృక్షంలో మొదటి మందు బయటికొచ్చిన ల్యాబ్‌లో పరిశోధన మొత్తానికి పెద్ద ఎవరో తెలుసా? గోదావరికి ఆ పక్క భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.

ఈయన గురించి మన ఫోన్లకి వచ్చే ఫార్వర్డ్‌లలో సగం అతిశయోక్తి. అసలు కథకి ఆ అతిశయోక్తి అవసరం కూడా లేదు.

1895 జనవరి 12న పుట్టారు. తండ్రి జగన్నాథం గారు రెవెన్యూలో చిన్న ఉద్యోగి, తల్లి వెంకమ్మ గారు. ఏడుగురు పిల్లల్లో ఈయన నాలుగో వాడు. చిన్నప్పుడు చదువు మీద అస్సలు ధ్యాస లేదు. పదమూడేళ్ళ వయసులో ఇంట్లోంచి పారిపోయి కాశీకి బయల్దేరారు, అక్కడ యాత్రికులకి అరటిపళ్ళు అమ్ముకుని డబ్బు సంపాదించేద్దామని. దార్లోనే పట్టుకుని వెనక్కి తెచ్చారు. మెట్రిక్యులేషన్ మూడోసారికి గానీ పాస్ అవలేదు. బ్యాక్‌లాగ్‌లు ఉన్నవాళ్ళు ఈ లైన్ దగ్గర కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు.

తర్వాత రామకృష్ణ మఠంలో చేరి సన్యాసం తీసుకుందామనుకున్నారు. అమ్మ ఒప్పుకోలేదు. అలా మద్రాసు మెడికల్ కాలేజీకి వెళ్ళారు. గాంధీ గారి పిలుపు విని, బ్రిటిష్ బట్ట మానేసి ఖద్దరు గౌను వేసుకుని ఆపరేషన్ క్లాసుకి వెళ్తే సర్జరీ ప్రొఫెసర్‌కి కోపం వచ్చింది. రాతపరీక్షలు బాగానే రాసినా చివరికి చేతికొచ్చింది ఎంబీబీఎస్ కాదు, దాని కంటే తక్కువ స్థాయి ఎల్‌ఎంఎస్ సర్టిఫికెట్. దాంతో ప్రభుత్వ మెడికల్ సర్వీసు దారి మూసుకుపోయింది. మద్రాసులోనే ఆయుర్వేద కాలేజీలో పాఠాలు చెప్పారు.

ఈలోగా ఇంట్లో పెద్ద దెబ్బ తగిలింది. స్ప్రూ అనే జబ్బుతో ఇద్దరు అన్నదమ్ములు రోజుల తేడాలో చనిపోయారు. స్ప్రూ వస్తే తిన్నది ఒంటికి పట్టదు, విరేచనాలు ఆగవు, రక్తం తగ్గిపోతుంది, మనిషి ఎండిపోతాడు. అదే జబ్బు సుబ్బారావు గారికీ వచ్చింది. ఆయుర్వేద వైద్యుడు ఆచంట లక్ష్మీపతి గారి వైద్యంతో బతికారు. డాక్టర్ అయ్యుండి, తన వాళ్ళు దేనివల్ల పోయారో చెప్పలేని స్థితి అది. ఆయన తర్వాతి జీవితం నాకు అర్థమైంది ఇక్కడి నుంచే.

అమెరికా వెళ్ళడానికి డబ్బు కావాలి. కొంత మామగారు సర్దారు. కొంత కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ ఇచ్చింది. సత్యలింగం గారిది మన కోరంగి, రంగూన్ వెళ్ళి సంపాదించి ఆస్తిని ధర్మానికి రాసిన మనిషి. కోటిపల్లి రైలు మార్గం ద్రాక్షారామం మీదుగా కాకినాడకే పోతుంది. అంటే హార్వర్డ్ టికెట్ మన రైలు మార్గం చివరి స్టేషన్ ఊళ్ళోంచి వచ్చిందన్నమాట.

1923లో బోస్టన్‌లో దిగారు. హార్వర్డ్‌లో సీటు ఉంది, స్కాలర్‌షిప్ లేదు. రాత్రిళ్ళు ఆస్పత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలు కడిగే పని చేసి, పగలు క్లాసులకి వెళ్ళారు. సైరస్ ఫిస్కే అనే ప్రొఫెసర్‌తో కలిసి రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో కొలిచే పద్ధతి కనిపెట్టారు. 1925 నాటి ఆ ఫిస్కే–సుబ్బారావు పద్ధతి బయోకెమిస్ట్రీ పుస్తకాల్లో ఇప్పటికీ ఉంది. కండరాల్లో శక్తిని దాచే ఫాస్ఫోక్రియాటిన్, ఆ తర్వాత ఏటీపీ కూడా ఆ ల్యాబ్‌లోనే బయటపడ్డాయి. మనం ఎంపీసీ వాళ్ళం కాబట్టి ఏటీపీ అంటే ఏదో ఏటీఎమ్ చుట్టం అనుకుంటాం గానీ, ఒంట్లో ప్రతి కణమూ ఖర్చుపెట్టే కరెన్సీ అదే. 1930లో పీహెచ్‌డీ వచ్చింది. పర్మనెంట్ ఉద్యోగం మాత్రం హార్వర్డ్ ఇవ్వలేదు.

1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ అనే మందుల కంపెనీకి వెళ్ళారు, త్వరలోనే పరిశోధన విభాగానికి డైరెక్టర్ అయ్యారు. అక్కడ గడిపింది ఎనిమిదేళ్ళే. 1945లో ఆయన టీమ్ ఫోలిక్ యాసిడ్‌ని ల్యాబ్‌లో తయారుచేసింది. స్ప్రూ రోగులకి అది ఇస్తే రక్తం మళ్ళీ పట్టింది. అన్నదమ్ములు పోయిన ఇరవై ఏళ్ళు దాటాక వాళ్ళ జబ్బుకి మందు! ఆ ఫోలిక్ యాసిడ్ పనిని అడ్డుకునే రసాయనాలు కూడా అక్కడే తయారయ్యాయి. వాటిలో ఒకదాన్ని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ లుకేమియా ఉన్న పిల్లలకి వాడారు. ఇవాళ్టి మెథోట్రెక్సేట్ ఆ కుటుంబమే. ఇంకోటి హెట్రజాన్, అంటే బోదకాలు మందు. ఫైలేరియా మాత్రలని మన ఇళ్ళకొచ్చి మింగించే డీఈసీ అదే. గుండెలో పురుగు పట్టకుండా కుక్కలకి కూడా చాలా ఏళ్ళు దాన్నే వేశారు.

ఇక పిడుదుల సంగతి.

పెన్సిలిన్ వచ్చింది, అది కొన్ని క్రిముల మీదే పనిచేస్తుంది. మట్టిలో ఉండే సూక్ష్మజీవుల్లో ఇంకా ఏం దొరుకుతుందో చూడాలని లెడర్లీ వెతుకులాట పెట్టింది. దానికి బెంజమిన్ డగ్గర్ అనే రిటైరైన వృక్షశాస్త్ర ప్రొఫెసర్‌ని తీసుకున్నారు. డెబ్భై దాటిన మనిషి. ఎక్కడెక్కడి నుంచో మట్టి తెప్పించి ఒక్కో నమూనాలో ఏం పెరుగుతుందో చూడడమే పని. బ్రూట్ ఫోర్స్ సెర్చ్ అంటే ఇదే. 1945లో మిజోరి విశ్వవిద్యాలయం వాళ్ళ గడ్డి మడి నుంచి వచ్చిన మట్టిలో బంగారు రంగు తేలిన ఒక సూక్ష్మజీవి కనిపించింది. దాని నుంచి తీసిన మందుకి ఆరియోమైసిన్ అని పేరు పెట్టారు. టెట్రాసైక్లిన్ మందుల్లో మొట్టమొదటిది ఇదే.

ఫార్వర్డ్‌లలో దీన్ని సుబ్బారావు గారే కనిపెట్టారని ఉంటుంది. గిట్ భాషలో చెప్పాలంటే ఆ కమిట్ డగ్గర్‌ది. రిపోజిటరీ నడిపినది, ఆ వయసు మనిషికి పని ఇచ్చి వెతకనిచ్చినది సుబ్బారావు గారు. నా లెక్కలో రెండోది చిన్న పనేం కాదు. మన ప్రాజెక్ట్ టీముల్లో పేరు ఎవరిది ముందు అని ఎంత కొట్టుకుంటామో మనకి తెలుసు. ఈయన పేరు మాత్రం చాలా పేపర్ల మీద ఉండేదే కాదు.

అదే కంపెనీలో హెరాల్డ్ కాక్స్ అనే ఇంకో శాస్త్రవేత్త ఉన్నారు. ఆయన అంతకుముందు మోంటానాలోని రాకీ మౌంటెన్ ల్యాబ్‌లో పనిచేసి వచ్చారు. అక్కడి కొండల్లో పిడుదు కుడితే మచ్చల జ్వరం వచ్చేది, బిటర్‌రూట్ లోయలో అది పట్టిన వాళ్ళలో ఎక్కువ మంది బతికేవాళ్ళు కాదు. అది పిడుదుల వల్లే వస్తుందని 1906లో హోవర్డ్ రికెట్స్ నిరూపించాడు. ఆ క్రిములకి రికెట్సియా అనే పేరు ఆయన నుంచే వచ్చింది. దాని మీద పనిచేస్తూ ల్యాబ్ సిబ్బందే కొందరు చనిపోయారు. మొదట్లో టీకా ఎలా చేసేవాళ్ళంటే, జబ్బు పట్టిన పిడుదుల్ని నూరి! కాక్స్ 1938లో కోడిగుడ్డు పిండంలో ఆ క్రిముల్ని పెంచే పద్ధతి కనిపెట్టాక గానీ ఆ నూరుడు బాధ తప్పలేదు. అయితే టీకా ముందు జాగ్రత్త మాత్రమే. జ్వరం వచ్చేశాక వేయడానికి సరైన మందు లేదు. ఆరియోమైసిన్‌ని కాక్స్ బృందం ఈ క్రిముల మీద పరీక్షిస్తే పనిచేసింది, 1948లోనే రోగుల్లోనూ పనిచేసింది.

దాని తర్వాత వేరే కంపెనీ నుంచి టెర్రామైసిన్ వచ్చింది, దాన్ని మార్చి 1967లో డాక్సీసైక్లిన్ అమ్మకానికి తెచ్చారు. వియత్నాం యుద్ధంలో అమెరికా సైన్యం కుక్కలు ముక్కుల్లోంచి రక్తం కారి చచ్చిపోతుంటే, కారణం ఎర్లీకియా అనే పిడుదు క్రిమి అని తేలింది. అప్పుడు వాటికి వేసింది కూడా టెట్రాసైక్లినే. మనుషులకొచ్చే స్క్రబ్ టైఫస్ ఈ మధ్య మన రాష్ట్రంలో వార్తల్లో ఉంది కదా, అది పిడుదు కాదు, పొదల్లోని సన్నటి నల్లి కుట్టి వస్తుంది. దానికీ మందు డాక్సీసైక్లినే.

ఒక్క విషయం మాత్రం మర్చిపోకూడదు. ఈ మందు చంపేది క్రిమిని, పిడుదుని కాదు. కుక్క మీద కనిపించేవి మొత్తం సైన్యంలో కొన్నే. ఆ గోధుమరంగు కుక్క పిడుదు రక్తం తాగి రాలిపోయి, గోడ పగుళ్ళలో, అరుగు సందుల్లో, గోనెసంచుల కింద దూరి అక్కడ వేలల్లో గుడ్లు పెడుతుంది. అందుకే కుక్కకి మందు వేసి, అది పడుకునే చోటుని వదిలేస్తే నెల తిరక్కుండా మళ్ళీ మొదలు. మెడ వెనక వేసే చుక్కలో, నమిలే మాత్రో, కాలరో, డాక్టర్ బరువు చూసి చెప్పింది ఏడాది పొడుగునా ఆపకుండా వాడాలి. మన దగ్గర చలికాలం కూడా వాటికి చలికాలం కాదు. పెర్మెత్రిన్ ఉన్న మందు కుక్కకి పడుతుంది, అదే పిల్లికి విషం. ఇంట్లో రెండూ ఉంటే ఇది మరీ ముఖ్యం.

కాలవ గట్టు మీదో, కొబ్బరితోటలో గడ్డిలోనో, పశువుల పాక పక్కనో కుక్కని తిప్పి తెచ్చాక ఐదు నిమిషాలు తడమాలి. చెవుల లోపల, కాలివేళ్ళ మధ్య, కాలర్ కింద, చంకల్లో, తోక మొదట్లో. రేపు చూద్దాంలే అనడానికి లేదు, కొన్ని క్రిములు పట్టుకున్న కొన్ని గంటల్లోనే ఎక్కేస్తాయి. పిడుదు కనపడితే పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిదానంగా నేరుగా లాగాలి. కిరసనాయిలు పోయడం, అగ్గిపుల్ల కాల్చి పెట్టడం మా వైపు అందరూ చేస్తారు, అది వద్దు. కంగారుపడిన పిడుదు లోపలున్నది ఇంకా కక్కుతుంది. గోళ్ళ మధ్య పెట్టి చిదమడం అంతకన్నా వద్దు. స్పిరిట్ సీసాలో వేసేసి చేతులు కడుక్కోవాలి. మనం కూడా లేతరంగు ప్యాంటు వేసుకుని, అంచులు సాక్సుల్లోకి దోపుకుని, వచ్చాక స్నానం చేసి ఒళ్ళు చూసుకుంటే సరి. కుక్క పిడుదు మనిషికీ జ్వరం తెస్తుంది, ఇండియన్ టిక్ టైఫస్ అని దానికి పేరే ఉంది. రెండు వారాల్లో జ్వరం వస్తే పిడుదు కుట్టిందని డాక్టర్‌కి మనమే చెప్పాలి, ఆయన అడక్కపోవచ్చు.

ఆరియోమైసిన్‌ని 1948 జూలైలో న్యూయార్క్‌లో శాస్త్రవేత్తల ముందు ప్రకటించారు. నెల తిరక్కుండానే, ఆగస్టు రెండో వారం మొదట్లో, సుబ్బారావు గారు నిద్రలో గుండె ఆగి పోయారు. యాభై మూడేళ్ళు. విమానం నడపడం నేర్చుకుని లైసెన్స్ తెచ్చుకున్న మనిషి, అమెరికా పౌరసత్వం మాత్రం తీసుకోలేదు, పాతికేళ్ళు పరాయివాడిగానే ఉన్నారు. స్వతంత్రం వచ్చిన దేశాన్ని ఒక్కసారి కూడా చూడలేదు. 1919లో పెళ్ళాడిన భార్య శేషగిరి గారు ఇక్కడే ఉండిపోయారు. కొడుకు పసిగుడ్డుగానే పోయాడు. 1923లో వెళ్ళిన భర్త మళ్ళీ ఇంటికి రాలేదు.