శ్రీ బూర్గుల రామకృష్ణారావుగారు : మతము, రాజ్యము

మతశబ్దమునకు శాస్త్రగ్రంథములలో అభిప్రాయమని అర్థము. భాట్టమతము, ప్రాభాకరమతము అనునవి మీమాంసకుల సిద్ధాంతభేదములే కాని వేర్వేరు సమాజములు కావు. ఆధునికకాలమున ఆ శబ్దము ఒక ఉపాసనాపద్ధతిని అవలంబించు జనసమూహమునకు చెల్లుచున్నది. అట్టి సమూహములకును రాజ్యమునకును గల సంబంధమెట్టిదై యుండవలెనను ప్రశ్న ఇరువదవ శతాబ్దిని కలచివైచినది. ఆ ప్రశ్నను పాలితుడుగా, పాలకుడుగా, పిదప రాజ్యాంగరక్షణబాధ్యుడుగా, మూడు స్థానములనుండి ఎదుర్కొనిన తెలుగువారిలో శ్రీ బూర్గుల రామకృష్ణారావుగారు ముఖ్యులు.

రామకృష్ణారావుగారు 1899 మార్చి 13వ తేదీన నాటి మహబూబ్‌నగర్ జిల్లా కల్వకుర్తి తాలూకాలోని పడకల్లు గ్రామమున జన్మించిరి. తండ్రి నరసింగరావుగారు. వారి ఇంటిపేరు పుల్లమరాజు. స్వగ్రామమగు బూర్గుల పేరే తరువాత ఇంటిపేరుగా స్థిరపడినది. కల్వకుర్తికి ఆగ్నేయమున అచ్చంపేట, దానిని దాటిన నల్లమల అడవులు. శ్రీశైలమునకు ఉత్తరద్వారమని ప్రసిద్ధిగాంచిన ఉమామహేశ్వరక్షేత్రము అచ్చటనే కలదు. ఆ సీమలో ఇంటి భాష తెలుగు, పూజకు సంస్కృతము, కచ్చేరీలో ఉర్దూ. ఈ మూడింటిని, వానితోపాటు పారశీకమును రామకృష్ణారావుగారు సమానశ్రద్ధతో అభ్యసించిరి. పూనా ఫెర్గూసన్ కళాశాలలో పట్టభద్రులై, బొంబాయి విశ్వవిద్యాలయమునుండి న్యాయశాస్త్రపట్టమును పొంది, హైదరాబాదున న్యాయవాదవృత్తిని చేపట్టిరి. పిదప ప్రధానమంత్రి పదవి నధిష్ఠించిన పి.వి. నరసింహారావుగారు వారివద్ద జూనియరుగా పనిచేసిరి.

నాటి హైదరాబాదు రాష్ట్రమున ప్రజలలో అత్యధికులు హిందువులు, ప్రభువు ముస్లిము. ఆలయములు, మసీదులు మొదలగువాని వ్యవహారము ఉమూరె మజహబీ అను ప్రభుత్వశాఖ అధీనమున నుండెను. సభ జరుపవలెనన్న ముందుగా అనుమతి పొందవలెనని గస్తీ నిషాన్ 53 శాసించుచుండెను. 1939లో ప్రకటింపబడిన సంస్కరణలు సైతము జనసంఖ్యతో నిమిత్తము లేక శాసనసభలో హిందూముస్లిములకు సమానస్థానములనే నిర్దేశించినవి. ఇట్లు పౌరుని స్థానమును మతమే నిర్ణయించుచుండెను.

అయినను తెలంగాణమున ప్రజాసంస్థలు మతమును ఆధారముగా గొని పుట్టలేదు. 1921 నవంబరులో హైదరాబాదున జరిగిన సంఘసంస్కరణసభలో ఆలంపల్లి వేంకటరామారావుగారు తెలుగున మాటలాడ నారంభింపగా సభికులలో కొందరు గేలిచేసిరి. గేలిచేసినవారును, గేలికి గురియైనవారును ఏకమతస్థులే. ఆ అవమానమునుండి ఆంధ్రజనసంఘము పుట్టెను; అదియే క్రమముగా ఆంధ్రమహాసభయై పెరిగెను. రామకృష్ణారావుగారు ఈ ఉద్యమమున ప్రముఖపాత్ర వహించి, 1931లో నల్లగొండ జిల్లా దేవరకొండలో జరిగిన ద్వితీయ ఆంధ్రమహాసభకు అధ్యక్షులైరి. భాష, విద్య, వెట్టిచాకిరి, సభాస్వాతంత్ర్యము అను విషయములు ఏ మతమువారికైనను సమానములే. ఉద్యమబలము ఇందే కలదు.

ఈ బలమును ప్రభుత్వము మతనిందచేత ఎదుర్కొనెను. 1938 సెప్టెంబరులో హైదరాబాదు స్టేట్ కాంగ్రెసు లాంఛనముగా ఏర్పడకమున్నే అది మతసంస్థయను కారణముపై నిషేధింపబడెను. అదే సమయమున ఆర్యసమాజము, హిందూమహాసభ వేరొక సత్యాగ్రహమును నడుపుచుండెను. రెండింటికి గల భేదము మరుగుపడరాదని గాంధీమహాత్ముని సలహాపై స్టేట్ కాంగ్రెసు ఆ డిసెంబరులోనే తన సత్యాగ్రహమును విరమించెను. నిషేధము మాత్రము 1946 వరకు తొలగలేదు. పౌరహక్కును కోరినవానికి మతవాదియను పేరు పెట్టినచో, ఆ కోరికకు సమాధానము చెప్పవలసిన అవసరమే పాలకునికి లేకుండపోవును. రామకృష్ణారావుగారును వారి సహచరులును ఈ అన్యాయమును స్వయముగా అనుభవించినవారు. వారికి కారాగారవాసము తప్పలేదు.

1948 సెప్టెంబరులో భారతసైన్యము ప్రవేశించి నిజాం పాలనను ముగించెను. అంతకుముందు రజాకార్లు హిందువులపై చేసిన దౌర్జన్యములు, ఆ వెనుక ముఖ్యముగా మరాఠ్వాడా ప్రాంతమున ముస్లిములపై జరిగిన ప్రతీకారములు, ఉభయసమాజములను గాయపరచినవి. 1950లో వెల్లోడి మంత్రివర్గమున రామకృష్ణారావుగారు రెవిన్యూమంత్రులైరి. ఆ సంవత్సరపు హైదరాబాదు కౌలుదారీ చట్టము కౌలుదారునకు రక్షణ కల్పించినది. ఆ రక్షణకు ప్రమాణము సేద్యమే కాని మతము కాదు.

1952 ఎన్నికలలో షాద్‌నగర్ నుండి గెలుపొంది, మార్చి 6వ తేదీన వారు ముఖ్యమంత్రులైరి. తమను బంధించిన ప్రభుత్వమున కధిపతియైన నిజామే అప్పుడు రాజ్యాంగము ప్రకారము రాజప్రముఖుడు. వ్యక్తులు వారే, సంబంధము మారినది. మెహదీ నవాజ్‌జంగ్ వంటి పూర్వప్రభుత్వోద్యోగి ఆ మంత్రివర్గమున సభ్యులైరి. నాలుగున్నర సంవత్సరములు ఆ పదవి నిర్వహించి, 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడునపుడు రామకృష్ణారావుగారు దానిని విడిచి, నవంబరు 22న కేరళ గవర్నరు పదవిని స్వీకరించిరి.

అసలు పరీక్ష అచ్చట ఎదురయ్యెను. 1957 ఎన్నికలలో 126 స్థానములకు గాను 60 గెలిచిన కమ్యూనిస్టు పక్షము, ఐదుగురు స్వతంత్రుల మద్దతుతో, ఇ.ఎం.ఎస్. నంబూద్రిపాద్ నాయకత్వమున ఏప్రిల్ 5న మంత్రివర్గము నేర్పరచెను. ప్రైవేటు పాఠశాలల నియంత్రణకు ఆ ప్రభుత్వము తెచ్చిన విద్యాబిల్లును గవర్నరు రాష్ట్రపతి పరిశీలనకు పంపగా, రాష్ట్రపతి సుప్రీంకోర్టు అభిప్రాయమును కోరిరి. 1958 మే 22న న్యాయస్థానము, అల్పసంఖ్యాకుల విద్యాసంస్థల విషయమున కొన్ని నిబంధనలు రాజ్యాంగము 30వ అధికరణమునకు విరుద్ధములని తెలిపెను. సవరింపబడిన బిల్లుకు 1959 ఫిబ్రవరిలో రాష్ట్రపతి ఆమోదము లభించెను. ఇంతవరకు వివాదము ధర్మాసనమార్గమున నడచినది.

పిదప అది వీథికెక్కెను. 1959 జూన్ 12న విమోచనసమరము ఆరంభమయ్యెను. కాథలిక్ క్రైస్తవసంఘము, మన్నత్తు పద్మనాభన్ నాయకత్వమున నాయర్ సర్వీస్ సొసైటీ, ముస్లింలీగు, కాంగ్రెసు అందు పాల్గొనెను. మరునాడు అంగమాలిలో పోలీసుకాల్పులకు ఏడుగురు బలియైరి. మంత్రివర్గము ప్రజావిశ్వాసమును కోల్పోయినదని గవర్నరు రాష్ట్రపతికి నివేదించిరి. జులై 31న 356వ అధికరణము క్రింద ఆ మంత్రివర్గము తొలగింపబడెను.

ఈ ఘట్టమును గూర్చి రెండు పక్షములు కలవు. ప్రాణనష్టము జరిగినది, శాంతిభద్రతలు సడలినవి, కావున గవర్నరు మౌనము వహింపజాలరని పూర్వపక్షము. శాసనసభలో మంత్రివర్గమునకు ఆధిక్యము చెడలేదు, సభలో బలపరీక్ష జరుగలేదు, మతసంస్థల, కులసంస్థల ఆందోళన ఎన్నికల తీర్పును మించరాదని సిద్ధాంతపక్షము. 1960 ఎన్నికలలో కూటమి గెలుపొందుట పూర్వపక్షమునకు కొంత బలము నిచ్చును. కాని 1994లో ఎస్.ఆర్. బొమ్మయి కేసున సుప్రీంకోర్టు ప్రభుత్వబలమును సభలోనే పరీక్షింపవలెనని నిర్ణయించుటచే సిద్ధాంతపక్షమే నిలిచినది. ఈ ప్రమాణముచే చూచిన 1959 నాటి నివేదిక రామకృష్ణారావుగారి ప్రజాజీవితమున సమర్థింప కష్టమైన కార్యము. 1938లో పౌరుల కోరికకు మతమను పేరు పెట్టి ప్రభుత్వము దానిని త్రోసివైచెను. 1959లో మతసంస్థల బలమునకు ప్రజావిశ్వాసమను పేరు లభించెను. మొదటిదానికి వారు బాధితులు, రెండవదానికి భాగస్వాములు.

ఇందుకు వారి భక్తి కారణము కాదు. వారు శంకరుల సౌందర్యలహరిని, కనకధారాస్తవమును తెనిగించిన భక్తులు. షాజహాను ఆస్థానమున గౌరవమందిన జగన్నాథ పండితరాయల లహరీపంచకమును తెలుగు చేసినవారు. అట్టివారు ముఖ్యమంత్రులై యుండగా ఆ ఉపాసన పరిపాలనలో ప్రవేశింపలేదు. రాజ్యమునకు చిక్కు పాలకుని పూజామందిరమునుండి కాక, సంఘటితమైన మతబలము పదవిపై తెచ్చు ఒత్తిడినుండి కలుగునని కేరళఘట్టము తెలుపుచున్నది. ఆ ఒత్తిడిని నిలువరించుటకు పాలకుని సౌజన్యపాండిత్యములు చాలవు, స్పష్టమైన విధి కావలెను. అట్టి విధి 1959లో లేదు, 1994లో ఏర్పడినది.

రామకృష్ణారావుగారు 1960 నుండి 1962 వరకు ఉత్తరప్రదేశ్ గవర్నరుగను, పిదప రాజ్యసభసభ్యులుగను పనిచేసి, 1967 సెప్టెంబరులో పరమపదించిరి. వారి స్తోత్రానువాదములు సాహిత్యపరిశోధకులకు సుపరిచితములు. దేవరకొండ అధ్యక్షత మొదలు కేరళ నివేదిక వరకు గల వారి ప్రజాజీవితమును ధర్మశాస్త్రజ్ఞులు, రాజనీతిజ్ఞులు కలసి పరిశీలించుట యుక్తము.