ఇషి

ఇషి (సుమారు 1861 - 1916 మార్చి 25) అమెరికాలోని కాలిఫోర్నియాకు చెందిన ఆదివాసి, విలువిద్యా నిపుణుడు. యాహీ తెగలో చివరివాడుగా ప్రసిద్ధుడు. రాతి పనిముట్ల కాలం నాటి పద్ధతిలో విల్లు, బాణాలు తయారుచేసే విద్యను ఆధునిక లోకానికి అందించాడు.

నేపథ్యం

యాహీలు యానా జాతిలో ఒక శాఖ. మిల్ క్రీక్, డీర్ క్రీక్ అనే ఏళ్ల లోయలు వీరి నివాసం. 1849 తరువాత బంగారం కోసం వచ్చిన వలసదారులు వీరి భూములను ఆక్రమించారు. 1860 దశకంలో జరిగిన ఊచకోతలలో తెగ దాదాపు నశించింది. మిగిలిన కొద్దిమంది నలభై ఏళ్లపాటు కొండలలో రహస్యంగా జీవించారు. 1908లో భూమి కొలిచే బృందం వారి స్థావరాన్ని కనుగొని, అందులోని వస్తువులను తీసుకొనిపోయింది. ఆ తరువాత కొంతకాలానికే తల్లి మరణించగా ఇతడు ఒంటరివాడయ్యాడు.

నాగరిక ప్రపంచంలో

1911 ఆగష్టు 29న ఆకలితో ఓరోవిల్ పట్టణం చేరిన ఇతడిని అక్కడివారు జైలులో ఉంచారు. మానవ శాస్త్రవేత్తలు ఆల్‌ఫ్రెడ్ క్రోబర్, థామస్ వాటర్‌మాన్ ఇతడిని శాన్ ఫ్రాన్సిస్కోలోని విశ్వవిద్యాలయ మ్యూజియంకు చేర్చారు. స్వంత పేరు పరులకు చెప్పడం యాహీ ఆచారం కాదు. అందుచేత క్రోబర్ ఇతడిని ఇషి అని పిలిచాడు. యానా భాషలో ఈ పదానికి మనిషి అని అర్థం. అసలు పేరు ఎవరికీ తెలియలేదు.

బాణాల తయారీ

మ్యూజియం సందర్శకుల ఎదుట ఇతడు బాణాలు తయారుచేసేవాడు. దీనికి హేజెల్ అనే పొద యొక్క నిటారైన రెమ్మలను వాడేవాడు. బెరడు తీసి ఆరబెట్టి, వంకర ఉన్నచోట నిప్పుసెగపై వేడిచేసి చేతితో సరిచేసేవాడు. తరువాత ఇసుకరాళ్ల మధ్య రుద్ది నునుపుచేసేవాడు. సాధారణంగా కర్ర పొడవు 26 అంగుళాలు. సరిజోడుగా ఉన్న కర్రలను ఏరి ఐదేసి బాణాలు ఒక జట్టుగా చేసేవాడు. బరువు, వంగే గుణం ఒక్కతీరుగా లేని బాణాలు ఒకే గురికి వేసినా వేర్వేరు చోట్ల తగులుతాయి.

వేటబాణం ముందుభాగంలో గట్టికర్ర ముక్కను అతికేవాడు. పింజకు ఒకే పోలిక గల మూడు ఈకలను లేడి నరంతో కట్టేవాడు. పక్షి కుడి, ఎడమ రెక్కల ఈకలు ఎదురెదురు దిక్కులకు వంగి ఉంటాయి కనుక వాటిని కలిపి కడితే బాణం గాలిలో తడబడుతుంది. అబ్సిడియన్ అనే నల్లని అగ్నిపర్వతపు రాతినీ, సీసాగాజునూ కొమ్ము మొనతో నొక్కి, పెచ్చులూడదీసి ములుకులు చేసేవాడు. ఈ ములుకులు పొరుగున ఉండే వింటు తెగవారి శైలిని పోలి ఉన్నాయని 1990 దశకంలో పరిశోధకుడు స్టీవెన్ షాక్లీ గుర్తించాడు.

శిష్యుడు

పక్కనే ఉన్న వైద్య కళాశాల వైద్యుడు శాక్స్‌టన్ పోప్ ఇతని వద్ద విలువిద్య నేర్చుకున్నాడు. 1914లో క్రోబర్, వాటర్‌మాన్, పోప్‌లు ఇతనితో కలిసి డీర్ క్రీక్ వెళ్లారు. పోప్ తన గురువు పద్ధతులను 1918లోను, 1923లోను గ్రంథస్థం చేశాడు. అమెరికాలో విల్లుతో వేటాడే సంప్రదాయం తిరిగి జనాదరణ పొందడానికి ఈ గ్రంథాలు దోహదం చేశాయి.

మరణం, అనంతరం

1915 వేసవిలో భాషావేత్త ఎడ్వర్డ్ సపీర్‌కు తన భాషను వివరిస్తూ గడిపిన ఇషి, మరుసటి సంవత్సరం క్షయవ్యాధితో మరణించాడు. శరీరాన్ని కోయరాదని క్రోబర్ వ్రాసిన లేఖ ఆలస్యంగా చేరింది. అప్పటికే శవపరీక్ష జరిగింది. వేరుచేసిన మెదడును 1917లో క్రోబరే స్మిత్‌సోనియన్ సంస్థకు పంపించాడు. అది అక్కడ ఉన్న సంగతి 1999లో బయటపడింది. 2000 సంవత్సరంలో దానిని యానా సంతతి గల ఆదివాసులకు అప్పగించారు. వారు దానిని చితాభస్మంతో కలిపి ఇతని జన్మభూమిలో రహస్య స్థలాన ఖననం చేశారు. 2021లో విశ్వవిద్యాలయం బర్క్‌లీలోని ఒక భవనానికి ఉన్న క్రోబర్ పేరును తొలగించింది.