కాంతికి పురి చూపిన సూరి భగవంతం

జహనుమాలో నేను అద్దెకుండే గదికి ఒకటే కిటికీ. పొద్దున్నే దానిలోంచి పడే వెలుగులో పాఠాలు చదువుకుంటాను. మాది వ్యవసాయ కుటుంబం. ఈ భౌతికశాస్త్రం చదివి ఏం చేస్తావురా అని సెలవుల్లో నాన్న అడిగితే జవాబు చెప్పలేకపోయాను. తిరిగొచ్చి ఉద్యోగ పరీక్షల పుస్తకాలు కొనుక్కున్నాను. ఆ రోజుల్లోనే సూరి భగవంతం గారి జీవితం చదివాను.

ఆయన 1909లో కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టారు. చదివింది మన హైదరాబాదు నిజాం కళాశాలలోనే. 1928లో కలకత్తా వెళ్ళి సి.వి.రామన్ గారి దగ్గర పరిశోధనకు చేరారు. అప్పటికాయన వయసు ఇంచుమించు నా వయసే!

నాన్న తాడు పేనేటప్పుడు కుడి పురి, ఎడమ పురి అంటాడు. కాంతికీ అలాంటి పురి ఉంది. దాన్నే వృత్తాకార ధ్రువణం అంటారు. అయితే ఒక్కొక్క కాంతి కణమూ ఆ పురిని, అంటే స్పిన్‌ను, మోస్తుందా? అణువుల మీద పడి చెదిరిన కాంతిలో ధ్రువణం ఎంత మిగిలిందో కొలిచి, మోస్తుందనడానికి 1931లో రామన్, భగవంతం గార్లు సాక్ష్యం చూపారు. 1936లో అమెరికాలో బెత్ అనే శాస్త్రజ్ఞుడు, ఆ కాంతి ఒక స్ఫటికపు బిళ్ళను నిజంగానే తిప్పగలదని కొలిచి చూపాడు.

ఆ తర్వాత భగవంతం గారు వాల్తేరులో ఆచార్యులయ్యారు. 1952 నుంచి 1957 దాకా మన ఉస్మానియాకు ఉపకులపతి. పిమ్మట బెంగుళూరు విజ్ఞాన సంస్థకు సంచాలకులు, రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారు. ఇన్ని పదవుల్లోనూ స్ఫటికాలను మాత్రం వదల్లేదు. 1964లో పంతులు గారితో కలిసి, ఎలక్ట్రాన్ల స్పిన్ వరసలను బట్టి స్ఫటికాల అయస్కాంత సౌష్ఠవం ఎలా ఉంటుందో రాశారు. 1989లో కన్నుమూశారు.

మాలిబ్డినం డైసల్ఫైడ్ అనే ఖనిజం ఎండిన చెరువు మట్టిలా పొరలు పొరలుగా ఊడొస్తుంది. దాని ఒక్క పొర మీద కుడి పురి కాంతి వేస్తే ఒక రకం స్పిన్ ఉన్న ఎలక్ట్రాన్లు లేస్తాయి. ఎడమ పురికి రెండో రకం. అవి తిరిగి వెదజల్లే వెలుగులోనూ చాలావరకు ఆ పురే కనబడుతుందని 2012లో ప్రయోగాలు తేల్చాయి. కాంతికి స్పిన్ ఉందన్న ఎరుక లేకపోతే ఈ పని అర్థమయ్యేదే కాదు.

మొన్న ఇదంతా నాన్నకు చెప్పాను. దీన్ని కొనేదెవరని అడిగాడు. 1931లో భగవంతం గారినడిగినా చెప్పగలిగేవారు కాదేమో! మిత్రులారా, ఉద్యోగ పరీక్షల పుస్తకాలు ఇంకా నా దగ్గరే ఉన్నాయి. కాని ఎం.ఎస్సీ.కి దరఖాస్తు కూడా పెట్టేశాను.