ఎడ్వర్డ్ జెన్నర్

ఎడ్వర్డ్ జెన్నర్ (మే 17, 1749 - జనవరి 26, 1823) ఇంగ్లాండుకు చెందిన వైద్యుడు, ప్రకృతి శాస్త్రజ్ఞుడు. మశూచి వ్యాధికి టీకాను ప్రచారములోకి తెచ్చిన వానిగా ఇతడు ప్రపంచ ప్రసిద్ధుడు. అయితే అంతకు పూర్వమే పరుల గూటిలో గుడ్డు పెట్టే కుక్కూ పక్షి జీవితములోని ఒక రహస్యమును వెల్లడించి శాస్త్రలోకములో పేరు పొందాడు.

బాల్యము, విద్య

జెన్నర్ గ్లాస్టర్‌షైర్ లోని బర్క్‌లీ అనే చిన్న పట్టణములో జన్మించాడు. తొమ్మిదిమంది సంతానములో ఇతడు ఎనిమిదవ వాడు. తండ్రి స్టీఫెన్ జెన్నర్ ఆ ఊరి చర్చిలో మతాచార్యుడు. జెన్నర్‌కు ఐదేళ్ళ వయసులోనే తండ్రి మరణించాడు. చిన్నతనము నుండి ఇతనికి పక్షుల గూళ్ళన్నా, శిలాజములన్నా ఆసక్తి ఎక్కువ. యుక్తవయసులో చిప్పింగ్ సాడ్‌బరీ లోని ఒక శస్త్రవైద్యుని వద్ద శిష్యునిగా చేరి పని నేర్చుకున్నాడు. 1770లో లండన్ వెళ్ళి సెయింట్ జార్జి ఆసుపత్రిలో ప్రసిద్ధ శస్త్రవైద్యుడు జాన్ హంటర్ వద్ద విద్యనభ్యసించాడు. కెప్టెన్ కుక్ మొదటి సముద్రయానము నుండి జోసెఫ్ బ్యాంక్స్ తెచ్చిన నమూనాలను క్రమబద్ధము చేయుటలో కూడా సహాయపడ్డాడు. అటు పిమ్మట స్వగ్రామమునకు తిరిగివచ్చి వైద్యవృత్తి చేపట్టాడు. హంటర్‌తో ఉత్తర ప్రత్యుత్తరములు మాత్రము ఆగలేదు. గురువు ప్రోత్సాహముతోనే ఇతడు కుక్కూ పక్షిపై పరిశీలన ఆరంభించాడు.

కుక్కూ పక్షి పరిశోధన

ఐరోపా కుక్కూ మన కోకిలకు బంధువే కాని అదే పక్షి కాదు. ఇది గూడు కట్టదు. డన్నక్, జిట్టంగి వంటి చిన్న పక్షుల గూళ్ళలో గుడ్డు పెట్టి వెళ్ళిపోతుంది. కొద్ది రోజులలో ఆ గూటిలో కుక్కూ పిల్ల ఒక్కటే మిగులుతుంది. గూటి యజమాని పిల్లలు ఏమవుతున్నాయనేది ఆనాటికి తేలని ప్రశ్న. పెంపుడు తల్లియే తన పిల్లలను బయటకు తోసివేస్తుందని జెన్నర్ మొదట భావించి, ఆ విధముగానే వ్యాసము వ్రాసి 1787లో రాయల్ సొసైటీకి పంపాడు.

అదే సంవత్సరము జూన్ 18న ఒక కంచెలోని డన్నక్ గూటిలో మూడు డన్నక్ గుడ్లు, ఒక కుక్కూ గుడ్డు ఉండుట గమనించాడు. మరునాడు చూడగా అప్పుడే పొదిగిన కుక్కూ పిల్ల, ఒక డన్నక్ పిల్ల మాత్రమే ఉన్నాయి. కండ్లు తెరవని ఆ కుక్కూ పిల్ల తన రెక్కలను ఎత్తి, డన్నక్ పిల్లను వీపుపైకి తెచ్చుకొని, గూటి గోడ వెంబడి వెనుకకు ప్రాకి, అంచు మీదుగా బయటకు పడవేసింది. జెన్నర్ గూటిలో గుడ్లు ఉంచి చూడగా వాటిని కూడ అలాగే పారవేసింది. పిల్ల వీపుపై ఇందుకు అనువైన ఒక పల్లము ఉంటుందని, సుమారు పన్నెండు రోజులకు అది పూడిపోతుందని, తోసివేసే స్వభావము కూడ అప్పటికి పోతుందని ఇతడు గుర్తించాడు.

తన మొదటి అభిప్రాయము తప్పని తెలియగానే పంపిన వ్యాసమును వెనుకకు తీసుకున్నాడు. సవరించిన వ్యాసము హంటర్‌కు వ్రాసిన లేఖ రూపములో 1788 మార్చి 13న సొసైటీలో చదువబడి, ఆ ఏడే ప్రచురితమైనది. 1789లో ఇతడు రాయల్ సొసైటీ ఫెలోగా ఎన్నికైనాడు.

టీకా

1796 మే 14న గోమశూచి సోకిన పాలమ్మాయి చేతి పొక్కు నుండి తీసిన రసమును ఎనిమిదేళ్ళ జేమ్స్ ఫిప్స్‌కు ఎక్కించాడు. జూలైలో మశూచి రసము ఎక్కించినా ఆ బాలునికి వ్యాధి రాలేదు. రాయల్ సొసైటీ ఈ వ్యాసమును స్వీకరించకపోవడముతో 1798లో స్వయముగా ప్రచురించాడు. 1802లో 10,000 పౌండ్లు, 1807లో 20,000 పౌండ్లు బ్రిటిషు పార్లమెంటు ఇతనికి మంజూరు చేసింది. 1802లోనే బొంబాయిలో ఒక మూడేళ్ళ బాలికకు వేసిన టీకాతో ఈ పద్ధతి భారతదేశములో మొదలైనది. 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మశూచి నిర్మూలనను ప్రకటించింది.

విమర్శలు, తదుపరి ఆధారములు

పుట్టిన మరునాడే గ్రుడ్డి పిల్ల ఇంతటి పని చేయునని చాలమంది నమ్మలేదు. టీకా వ్యతిరేకులు ఈ కుక్కూ కథను చూపి జెన్నర్‌ను ఎగతాళి చేశారు. 19వ శతాబ్దములో చిత్రకారిణి జెమైమా బ్లాక్‌బర్న్ తాను స్వయముగా చూసి గీసిన చిత్రము ఇతని మాటను బలపరచింది. 20వ శతాబ్దములో చలనచిత్రములు సందేహమును పూర్తిగా తొలగించాయి.

అయితే జెన్నర్ చెప్పిన కారణము నిలువలేదు. కుక్కూ ఇంగ్లాండులో కొద్దికాలమే ఉంటుంది కనుక పిల్లలను పెంచలేదని ఇతడు తలచాడు. పెంపకపు భారమును ఇతరులపై వేసి ఎక్కువ గుడ్లు పెట్టగలుగుటయే దీని లాభమని నేటి శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. జెన్నర్ చూసిన డన్నక్ కుటుంబము కూడ విచిత్రమైనదే. 1980లలో కేంబ్రిడ్జిలో జరిగిన పరిశోధనలలో కొన్ని గూళ్ళలో ఒక ఆడపక్షితో జతకట్టిన రెండు మగపక్షులు కలిసి పిల్లలకు మేత తెస్తాయని తేలింది. నీలపు గుడ్లు పెట్టే ఈ పక్షి, మచ్చలుగల కుక్కూ గుడ్డును మాత్రము తిరస్కరించదు.

మన దేశములో గుంపుగా పిల్లలను పెంచే బాబ్లర్ పక్షుల గూళ్ళలో చాతక పక్షి గుడ్లు పెడుతుంది. కాకి గూటిలో పెరిగే కోకిలకు సంస్కృతములో పరభృతమని పేరు. కుక్కూ పిల్లవలె కాక చాతకము, కోకిల పిల్లలు సాధారణముగా గూటిలోని ఇతర పిల్లలతో కలిసి పెరుగుతాయి.

మరణము

జెన్నర్ 1788లో కేథరిన్ కింగ్స్‌కోట్‌ను వివాహమాడాడు. 1815లో ఆమె మరణించినది. పక్షవాతమునకు గురియై ఇతడు 1823 జనవరి 26న బర్క్‌లీలో కన్నుమూశాడు. పక్షుల వలసపై ఇతడు వ్రాసిన వ్యాసమును మరణానంతరము, 1824లో రాయల్ సొసైటీ ప్రచురించింది.